నలభై మంది సర్వర్‌కి ఒక నీరుగంటి: ఫెడివర్స్‌లో చిన్న సర్వర్లు ఏం చేస్తాయి

ట్విట్టర్ లాంటిదే గానీ ఒక్క కంపెనీ కింద కాకుండా ఎవరెవరో నడిపే వేల సర్వర్ల మీద నడిచే మాస్టోడాన్ గురించి ఎవరో చెప్తే విని యాప్ దించుకున్న వాళ్ళు చాలామంది ఒకే చోట ఆగిపోతారు. పేరు కూడా అడక్కముందే అది "ఏ సర్వర్‌లో చేరతారు" అని అడుగుతుంది. ఫేస్‌బుక్ ఏనాడూ ఇట్లా అడగలేదు, వాట్సాప్ అడగలేదు, ఇదేంది కొత్తగా అని ఫోన్ పక్కన పెట్టేస్తారు. ఈ ఇబ్బంది చూసే 2023 మే నెలలో మాస్టోడాన్ వాళ్ళు యాప్‌లో తమ సొంత పెద్ద సర్వర్ మాస్టోడాన్.సోషల్‌నే ముందు పెట్టేసినారు, వేరేది కావాలంటే వెతుక్కుని ఎంచుకోవచ్చు. కొత్తగా వచ్చేవాళ్ళకి సులువైన మాట నిజమే. కానీ అందరూ పోయి ఒకే సర్వర్‌లో కూర్చుంటే ఇంక దీనికీ ట్విట్టర్‌కీ తేడా ఏముంది అనే గొడవ కూడా అప్పుడే గట్టిగా లేచింది, ఇప్పటికీ నడుస్తానే ఉంది. ఆ గొడవలో రెండు వైపులా వినిపించే మాట ఒకటే, "చిన్న సర్వర్లు". అవి ఎందుకు ఉండాలి, ఉంటే ఏం చేస్తాయి, ఎందుకు పోతాయి అనేది కొంచెం నిదానంగా చూడాల్సిన విషయం.

ముందు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మాస్టోడాన్‌ని 2016లో జర్మనీలో ఉండే యూజెన్ రోచ్‌కో మొదలుపెట్టినాడు. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష యాక్టివిటీపబ్, దాన్ని 2018 జనవరిలో వెబ్‌కి ప్రమాణాలు పెట్టే సంస్థ డబ్ల్యూత్రీసీ ప్రమాణంగా ఒప్పుకుంది. ఆ భాష వచ్చిన సాఫ్ట్‌వేర్ ఏదైనా ఈ గుంపులో చేరొచ్చు, ఫోటోలకి పిక్సెల్‌ఫెడ్, వీడియోలకి పీర్‌ట్యూబ్, చర్చలకి లెమ్మీ, జపాన్‌లో పుట్టిన మిస్‌కీ, ఇవన్నీ కలిపి ఫెడివర్స్ అంటారు. ఈమెయిల్ లాంటిది అని అందరూ పోలిక చెప్తారు, జీమెయిల్ నుంచి యాహూకి మెయిల్ పోయినట్టు. ఆ పోలిక తప్పేం కాదు గానీ చిత్తూరు, తిరుపతి వైపు పుట్టినవాళ్ళకి ఇంకా బాగా అర్థమయ్యేది ఊరి బయటే ఉంది, గొలుసు చెరువులు.

ఈ వైపు జీవనది ఒక్కటీ లేదు. ఉన్న ఏర్లు వానొస్తే పారతాయి, లేకుంటే ఇసకే. అందుకని పాతకాలం వాళ్ళు ఊరికో చెరువు కట్టుకుని, పై చెరువు నిండి మొరవ పోతే ఆ నీళ్ళు కింది ఊరి చెరువులో పడేటట్టు కాలువలు కలిపినారు. ఏ చెరువు ఆయకట్టు దానిదే, ఏ ఊరి తగువు ఆ ఊరిదే, అయినా నీళ్ళు మాత్రం ఒకదాన్నుంచి ఒకదానికి అందుతా ఉంటాయి. తూము ఎప్పుడెత్తాలి, ఏ మడికి ముందు పారించాలి, కట్టలో ఎండ్రకాయ బొక్క ఎక్కడ పడింది, ఇవన్నీ చూసుకునే మనిషి నీరుగంటి. ఫెడివర్స్‌లో సర్వర్‌ని చెరువు అనుకుంటే అడ్మినే నీరుగంటి. పోలిక ఒక్కచోట తెగుతుంది, నీళ్ళు పల్లానికే పోతాయి, పోస్టులు రెండు వైపులా పోతాయి. పైగా నీళ్ళు కిందికి పోతే పైన మిగలవు, పోస్ట్ అయితే పోయిన ప్రతి చోటా ఒక కాపీ ఉండిపోతుంది. ఈ కాపీ సంగతి ముందు ముందు తలనొప్పి తెస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఒక ఉదాహరణ కట్టుకుందాం. తిరుపతిలో శేషాచలం కొండల్లో ట్రెక్కింగ్‌కి పోయే నలభై మంది బ్యాచ్ ఉంది అనుకోండి. ఎస్వీ యూనివర్సిటీ పిల్లలు కొందరు, బ్యాంకు ఉద్యోగులు, ఇద్దరు స్కూల్ టీచర్లు, ఇంటినుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్ళు. ఇన్నాళ్ళూ వాట్సాప్ గ్రూపులో నెట్టుకొచ్చినారు. అక్కడ గుడ్ మార్నింగ్ బొమ్మల కింద అసలు ఫోటోలు కొట్టుకుపోతాయి, కొత్తగా చేరినోడికి పాతది ఒక్కటీ కనపడదు, ఫలానా తీర్థానికి నీళ్ళు ఏ నెల దాకా ఉంటాయి అని ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అడుగుతానే ఉంటారు. వాళ్ళలో ఒకడు నెలకి కొన్ని వందలు పెట్టి వీపీఎస్ (ఇంటర్నెట్‌లో అద్దెకిచ్చే మెషిన్) తీసుకుని, ఒక డొమైన్ అంటే సైట్ పేరు కొని, యాక్టివిటీపబ్ వచ్చిన చిన్న సాఫ్ట్‌వేర్ గోటుసోషల్ ఎక్కించినాడు. మాస్టోడానే ఎక్కించొచ్చు, కానీ దానికి పోస్ట్‌గ్రెస్, రెడిస్, సైడ్‌కిక్ అని వేరే ప్రోగ్రాముల పెద్ద పరివారమే కావాలి, ర్యామ్ రెండు మూడు జీబీలైనా లేకుంటే మూలుగుతుంది. గోటుసోషల్ అయితే ఒక్క ప్రోగ్రామ్, పక్కన ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్, ఒక జీబీ ర్యామ్‌లో నడిచిపోతుంది. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది గానీ మన ఇళ్ళ బ్రాడ్‌బ్యాండ్ చాలావాటికి బయటివాళ్ళు నేరుగా వచ్చి తట్టగలిగే అడ్రస్, అంటే సొంత పబ్లిక్ ఐపీ, రాదు, కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఆ బ్యాచ్‌లో ఒకమ్మాయి తలకోన ఫోటో ఒకటి పెట్టింది. బయటి సర్వర్ల నుంచి ముప్పై మంది ఆమెని ఫాలో అవుతా ఉన్నారు, అందులో పదిమంది మాస్టోడాన్.సోషల్‌లో ఉన్నారు, మిగతా ఇరవై మంది ఇరవై వేరే సర్వర్లలో ఉన్నారు. తిరుపతి సర్వర్ ముప్పై కాపీలు పంపదు. సర్వర్లు లెక్కపెట్టుకుని ఒక్కోదానికి ఒక్క కాపీ, అంటే ఇరవై ఒక్క కాపీలు పంపుతుంది, అక్కడ పదిమందికి పంచేది ఆ సర్వర్ చూసుకుంటుంది. హాస్టల్‌కి వచ్చే పేపర్ ఒకటే, చదివేది పదిమంది అన్నట్టు. ప్రతి కాపీ వెంట ఒక డిజిటల్ సంతకం పోతుంది, అవతలి సర్వర్ తిరుపతి సర్వర్ దగ్గర ఆమె పబ్లిక్ కీ (సంతకం సరిచూసే తాళంచెవి లాంటిది) తెచ్చుకుని, ఇది నిజంగా ఆమె పంపిందేనా అని సరిచూసుకున్నాకే లోపలికి రానిస్తుంది. అసలు ఫోటో ఆ కాపీలో ఉండదు, ఫోటో అడ్రస్ మాత్రమే ఉంటుంది, అవతలివాళ్ళే వచ్చి తీసుకుపోతారు. ఎవరిదైనా సర్వర్ పడిపోయి ఉంటే కాసేపాగి మళ్ళీ పంపి చూస్తుంది, ఆ గ్యాప్ పెంచుకుంటా పోతుంది. మాస్టోడాన్ అయితే వారం రోజులు వరసగా అందకపోతే ఆ సర్వర్ లేనట్టే లెక్కేసి పంపడం ఆపేస్తుంది.

ఇంతలో మధ్యలో కంపెనీ ఎక్కడా రాలేదు చూడండి. ఎవరికి ఏం కనపడాలి అని తూకం వేసే ఆల్గారిథం లేదు, ఫాలో అయినారు కాబట్టి వచ్చింది, అంతే. చిన్న సర్వర్ చేసే మొదటి పని ఇది, నలభై మంది అయినా నలభై లక్షల మంది అయినా ప్రోటోకాల్ దగ్గర, అంటే ఆ సర్వర్ల భాష దగ్గర, ఒకటే హోదా. తిరుపతి సర్వర్ జర్మనీ ప్రభుత్వ సర్వర్‌తో మాట్లాడొచ్చు, యూరోపియన్ కమిషన్ సర్వర్‌తో మాట్లాడొచ్చు, వాళ్ళకి కూడా సొంత సర్వర్లు ఉన్నాయి మరి.

అయితే కొత్త చిన్న సర్వర్‌లో మొదటి వారం ఎడారే. వెతికితే ఏమీ దొరకదు. ఎందుకంటే సర్వర్‌కి ప్రపంచం మొత్తం కనపడదు, ఇక్కడి నలభై మందిలో ఎవరో ఒకరు ఫాలో అవుతున్నవాళ్ళ పోస్టులే ఇక్కడికి వచ్చి పడతాయి. హ్యాష్‌ట్యాగ్ నొక్కితే పెద్ద సర్వర్‌లో వందలు కనపడితే ఇక్కడ మూడు కనపడతాయి. ఒక పోస్ట్ కింద బయట అరవై రిప్లైలు ఉన్నా ఇక్కడ నాలుగే కనిపించి, అప్పటికే పదిమంది చెప్పేసిన జవాబునే మనోడు పోయి మళ్ళీ చెప్తాడు, అవతలాయన విసుక్కుంటాడు, ఇద్దరి తప్పూ కాదు. చాలా సర్వర్ల పోస్టులు పోగుచేసి అందరికీ పంచే రిలేలు అని ఉంటాయి, వాటికి కలుపుకుంటే పోస్టులు వరదలాగా వస్తాయి, వాటితోపాటు డిస్క్ కూడా నిండుతుంది.

2019 నవంబర్‌లో మన దేశంలో జరిగింది ఇక్కడ గుర్తుచేసుకోవాలి. సుప్రీంకోర్టు లాయర్ సంజయ్ హెగ్డే ట్విట్టర్ అకౌంట్ ఆపేసినారని కోపంతో చాలామంది మనవాళ్ళు ఒక్కసారిగా మాస్టోడాన్‌లోకి వచ్చినారు. కొన్ని రోజులు మహా సందడి. తర్వాత ఎక్కువమంది వెనక్కి పోయినారు. కోపంతో వచ్చినవాళ్ళకి అక్కడ తమ మనుషులు లేరు, టైమ్‌లైన్‌లో ఎవరో తెలియనివాళ్ళు, తెలియని భాషలు. సర్వర్ పెడితే మనుషులు పోగవుతారు అనుకోవడం చెరువు తవ్వితే వాన పడుతుంది అనుకోవడం లాంటిది. ముందే ఒకరికొకరు తెలిసిన గుంపు ఉండి, దానికి ఒక చోటు కావాల్సి వచ్చినప్పుడే చిన్న సర్వర్ నిలబడుతుంది. ట్రెక్కింగ్ బ్యాచ్ ఉదాహరణ తీసుకున్నది కూడా అందుకే. అమెరికాలో డేరియస్ కజెమీ అనే ఆయన ఫ్రెండ్.క్యాంప్ అని యాభై మందికి అటూ ఇటూగా ఉండే సర్వర్ నడిపి, ఆ అనుభవంతో 2019లో ఒక గైడ్ రాసినాడు, మనుషుల సంగతి తర్వాతే మెషిన్ సంగతి అనేది అందులో గట్టిగా చెప్పినాడు. ఆయనే హోమ్‌టౌన్ అని మాస్టోడాన్‌కి ఒక మార్పు వెర్షన్ కూడా తెచ్చినాడు, అందులో పోస్ట్‌ని ఆ సర్వర్ వాళ్ళకి మాత్రమే కనపడేటట్టు పెట్టొచ్చు. గోటుసోషల్‌లో కూడా ఆ సౌకర్యం ఉంది. మన ట్రెక్కింగ్ వాళ్ళకి ఇది ప్రాణం. తలకోన ఫోటో లోకమంతా చూడొచ్చు, కానీ ఫలానా గుండానికి పోయే అడ్డదారి లోకానికి చెప్తే వచ్చే ఆదివారానికి అక్కడ బీరు సీసాలు తేలతా ఉంటాయి.

ఇక అసలు విషయం, మోడరేషన్, అంటే ఏ పోస్ట్ ఉండాలి ఏది తీసేయాలి అని చూసుకోవడం. చిన్న సర్వర్ ఎందుకు ఉండాలి అంటే చాలామంది స్వేచ్ఛ, ప్రైవసీ అని పెద్ద పెద్ద మాటలు చెప్తారు. ఆ రెండిటికంటే గట్టి కారణం భాష. ఒకడు తన ఫ్రెండ్‌కి "నరికేస్తా రేయ్ నిన్ను, కొండమీంచి లడ్డు తెచ్చి నాకు పెట్టకుండా మింగేసినావా" అని రాసినాడు అనుకోండి. పెద్ద ప్లాట్‌ఫామ్‌లో మెషిన్‌కి కనపడేది నరకడం ఒక్కటే, పోస్ట్ లేపేస్తుంది, అకౌంట్ కూడా కాసేపు మూసేస్తుంది. అదే చోట ఇంకొకడు చాలా మర్యాదగా "మీరు ఇంతవరకు రావడమే గొప్ప లెండి, మీ వాళ్ళకి ఇంతకంటే ఏం తెలుస్తుంది" అని రాస్తాడు. మెషిన్‌కి అందులో ఒక్క బూతు కూడా దొరకదు, మీరు అన్నాడు, లెండి అన్నాడు, ఎంత మంచివాడో అనుకుంటుంది. ఆ "మీ వాళ్ళు" అంటే ఎవరో, ఆ మాట ఎక్కడ గుచ్చుతుందో ఈ ఊరి మనిషికి చదివిన సెకనులో తెలుస్తుంది. జర్మనీలోనో అమెరికాలోనో కూర్చున్న మోడరేటర్ ఎంత మంచోడైనా అతనికి తెలిసే దారి లేదు. తిరుపతి సర్వర్ అడ్మిన్‌కి ఆ ఇద్దరూ తెలుసు, ఫోన్ చేసి "ఏంది సామీ అది, తీసేయ్" అంటే అయిపోతుంది, రిపోర్టు ఫారాలు అక్కర్లేదు.

దీనికి అవతలి మొహం కూడా ఉంది, అది దాచిపెట్టి చిన్న సర్వర్లని పొగడటం న్యాయం కాదు. అడ్మిన్‌కి ఇద్దరూ తెలుసు అంటే అడ్మిన్‌కి ఇద్దరిలో ఒకడు ఎక్కువ కావాల్సినవాడు కూడా అయ్యుండొచ్చు. అడ్మిన్‌కి ఒక పార్టీ ఉంటుంది, ఒక కులం ఉంటుంది, ఒక హీరో ఉంటాడు, ఇందులో మూడోదే ఎక్కువ ప్రమాదం అనేవాళ్ళు కూడా ఉన్నారు. నీరుగంటి తనకి కావాల్సినోళ్ళ మడికి ముందు పారించిన కథలు ఏ ఊర్లో లేవు? పైగా ఫెడివర్స్‌లో డైరెక్ట్ మెసేజ్ అని కనపడేది మాస్టోడాన్‌లో ఎన్‌క్రిప్ట్ అయ్యుండదు, డేటాబేస్ తెరిస్తే అడ్మిన్ చదవగలడు. ఫేస్‌బుక్ ఉద్యోగి ఎవడో చదవగలడు అంటే పట్టించుకోనివాళ్ళం, పక్క వీధి అబ్బాయి చదవగలడు అంటే మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. 2023 మే నెలలో అమెరికాలో కొలెక్టివా అనే సర్వర్ అడ్మిన్ ఇంటికి ఎఫ్‌బీఐ వేరే కేసు మీద సోదాకి వచ్చింది, ఆ సమయంలో అతను పని కోసం ఇంట్లో పెట్టుకున్న డేటాబేస్ బ్యాకప్ కాపీ కూడా ఆ సామానుతో పాటు పోయింది, దానికి ఎన్‌క్రిప్షన్ లేదు. ఆ కేసు సర్వర్ గురించి కాదు, సర్వర్‌లో ఉన్నవాళ్ళ మెసేజ్‌లు మాత్రం పోయినాయి. నలభై మంది సర్వర్‌లో ఎవరూ రహస్యాలు రాసుకోకూడదు, దానికి సిగ్నల్ లాంటి యాప్‌లు వేరే ఉన్నాయి.

మోడరేషన్‌లో రెండో అంచె సర్వర్లకీ సర్వర్లకీ మధ్య. ఒక సర్వర్ నిండా పాడు మనుషులే ఉంటే ఒక్కొక్కణ్ణి బ్లాక్ చేయకుండా ఆ సర్వర్‌నే మొత్తంగా తెంచుకోవచ్చు, డీఫెడరేట్ చేయడం అంటారు. 2019 జులైలో గ్యాబ్ అనే అతివాదుల సైట్ మాస్టోడాన్ కోడ్ మీదికి మారింది. కోడ్ ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరూ ఆపలేరు. కానీ చాలా సర్వర్లు తూములు మూసేసినాయి, ఎవరికి వాళ్ళే నిర్ణయం తీసుకుని. పై ఆఫీసు నుంచి ఆర్డర్ ఏమీ రాలేదు, పై ఆఫీసే లేదు. చిన్న సర్వర్లు ఎక్కువగా ఉండటం వల్ల జరిగిన పని ఇది. అదే ఆయుధం చిన్న సర్వర్ మీదికి కూడా తిరుగుతుంది. పెద్ద సర్వర్ ఒకటి తిరుపతి సర్వర్‌ని తెంచేస్తే పెద్దదానికి పోయేది నలభై మంది, చిన్నదానికి పోయేది లోకంలో పెద్ద ముక్క. అప్పీలుకి ఎక్కడికి పోవాలో ఎవరికీ తెలియదు, ఆ సర్వర్ అడ్మిన్‌కి మర్యాదగా మెసేజ్ పెట్టి వేచి చూడాలి.

2024 ఫిబ్రవరిలో ఇంకొకటి బయటపడింది. ఫెడివర్స్ మొత్తం మీద స్పామ్ వరదొచ్చింది. వచ్చింది పెద్ద సర్వర్ల నుంచి కాదు, ఎవరో సరదాకి పెట్టి, రిజిస్ట్రేషన్ తెరిచి వదిలేసి, మర్చిపోయిన చిన్న చిన్న సర్వర్ల నుంచి. స్పామ్ చేసేవాళ్ళు వాటిలో అకౌంట్లు గుట్టలుగా తెరిచినారు, చూసే నాథుడు లేడు. 2021 నవంబర్ వానల్లో రామచంద్రాపురం దగ్గర రాయలచెరువు కట్ట లీకై కింది ఊళ్ళని ఖాళీ చేయించిన రోజులు ఇక్కడివాళ్ళకి గుర్తుండే ఉంటాయి. కట్టకి బొక్క పడితే భయం ఆ చెరువు ఆయకట్టుదారులకంటే కిందున్న ఊళ్ళకే ఎక్కువ. ఆ స్పామ్ దెబ్బ తర్వాత మాస్టోడాన్ 4.2.8 వెర్షన్‌లో ఒక మార్పు తెచ్చినారు, మోడరేటర్లు ఎవరూ కొన్నాళ్ళపాటు అటువైపు రాకపోతే ఓపెన్ రిజిస్ట్రేషన్ దానంతట అదే, ఒకరు చూసి ఒప్పుకుంటేనే చేర్చే అప్రూవల్ పద్ధతికి మారిపోతుంది. మంచి పని, ముందే చేసుండాల్సింది.

నీరుగంటి పని ఎట్లుంటుందో దగ్గర నుంచి చూస్తే ఈ మర్చిపోవడం ఎందుకు జరుగుతుందో తెలుస్తుంది. మొదటి నెల హుషారు. రెండో నెలలో ఒక రాత్రి పదకొండింటికి "సైట్ ఓపెన్ కాలేదు అన్నా" అని ఫోన్ వస్తుంది. చూస్తే డిస్క్ నూటికి నూరు నిండింది. నలభై మంది ఫోటోలు పెట్టి నింపింది కొంచెమే, మిగతాది అంతా బయటినుంచి వచ్చిన పోస్టుల ఫోటోలు, వీడియోలు, ప్రొఫైల్ బొమ్మలు, వాటి కాపీలు దించుకుని పెట్టుకోవడం సర్వర్ పద్ధతి. పాత రిమోట్ మీడియాని కొన్ని రోజులకొకసారి తుడిచే సెట్టింగ్ ఉంది, అది ఎక్కువ రోజులకి పెట్టి వదిలేసినాడు. డేటాబేస్ రాయడానికి చోటు లేక అది కూడా ఆగింది. ముందు లాగ్ ఫైళ్ళు తుడిచి కొంచెం చోటు చేసి, డేటాబేస్ లేపి, తర్వాత మీడియా తుడిచేసరికి రాత్రి రెండవుతుంది. పొద్దున గ్రూపులో ఎవరూ థాంక్స్ చెప్పరు, ఎందుకంటే వాళ్ళు లేచేసరికి సైట్ నడుస్తా ఉంది.

తర్వాత అప్‌డేట్లు. 2023 జులైలో మాస్టోడాన్‌లో టూట్‌రూట్ అని పేరుపడిన చాలా పెద్ద లోపం బయటపడింది, మీడియా ఫైల్ ఒకటి ప్రత్యేకంగా తయారుచేసి పంపితే సర్వర్‌నే ఆక్రమించుకోవచ్చు. 4.1.3లో సరిచేసినారు. పెద్ద సర్వర్లలో టీమ్ ఉంటుంది, వెంటనే అప్‌డేట్ చేస్తారు. చిన్న సర్వర్‌లో ఆ ఒక్కడు చెల్లెలి పెళ్ళి పనుల్లో ఉంటే తలుపులు తెరుచుకునే ఉంటాయి.

దీనికితోడు చట్టం. మన 2021 ఐటీ రూల్స్‌లో 50 లక్షల యూజర్లు దాటిన ప్లాట్‌ఫామ్‌లకి అదనపు బరువులు ఉన్నాయి. కానీ గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు సైట్‌లో పెట్టడం, ఫిర్యాదు వస్తే చూసుకోవడం లాంటివి మధ్యవర్తులు (వేరేవాళ్ళు రాసింది మోసే సైట్లు) అందరికీ అని రాసిపెట్టినారు. రూల్స్ వచ్చినప్పుడు 24 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి అని ఉంది. 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో హ్యాకింగ్ లాంటిది జరిగితే 6 గంటల్లో చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి అన్నారు. ఇవి రాసినవాళ్ళ కళ్ళముందు ఉన్నది పెద్ద కంపెనీలు. మన అడ్మిన్ శనివారం పొద్దున కొండెక్కితే ఆదివారం సాయంత్రం దాకా సిగ్నల్ ఉండదు, ఆరు గంటలు అంటే అతను ఇంకా సగం దారిలో ఉంటాడు. సరదాకి పెట్టే సర్వర్ అనుకుని దిగేవాళ్ళు ఇది ఒకసారి చదువుకుని దిగితే మంచిది.

డబ్బు విషయానికొస్తే పాతకాలంలో నీరుగంటికి కళ్ళంలోనే మేర కొలిచేవాళ్ళు, పంట వచ్చిన ప్రతి రైతూ ఇన్ని గింజలు ఇవ్వాల్సిందే. దయతో ఇచ్చేది కాదు, ఊరి కట్టుబాటు. ఫెడివర్స్‌లో ఆ కట్టుబాటు ఇంకా కుదరలేదు. చిన్న సర్వర్ ఖర్చు నలభై మంది పంచుకుంటే తలకి నెలకి ఒక టీ కూడా రాదు, అయినా అడగడానికి మొహమాటం, ఇవ్వడానికి బద్ధకం. ఖర్చుకంటే అతని టైమ్ విలువ పదింతలు, దానికి లెక్కే లేదు.

ఇంక పెద్దవాళ్ళ సంగతి. ఫేస్‌బుక్ కంపెనీ మెటా 2023 జులైలో ట్విట్టర్ లాంటి థ్రెడ్స్ తెచ్చింది, ఐదు రోజుల్లో పది కోట్ల మంది చేరినారు. ఆ డిసెంబర్‌లో యాక్టివిటీపబ్‌తో కలపడం పరీక్షగా మొదలుపెట్టింది. దానికి ముందే చిన్న సర్వర్ల అడ్మిన్లు వందల మంది ఫెడిప్యాక్ట్ అని ఒప్పందం రాసుకుని, వాళ్ళని రానివ్వం అని సంతకాలు పెట్టినారు. వాళ్ళ భయానికి పాత కారణం ఉంది. గూగుల్ వాళ్ళ చాట్ గూగుల్ టాక్ ఎక్స్‌ఎంపీపీ అనే ఓపెన్ ప్రోటోకాల్ మీద నడిచేది, 2006లో బయటి సర్వర్లతో కలిసింది, చిన్న సర్వర్లవాళ్ళు మహా సంతోషపడినారు, వాళ్ళ స్నేహితులు అందరూ గూగుల్ వైపు చేరినారు, 2013లో దాని బదులు హ్యాంగౌట్స్ వచ్చినప్పుడు గూగుల్ ఆ దారి వదిలేసింది. చిన్న సర్వర్లు చావలేదు, కానీ మాట్లాడాల్సిన మనుషులు గోడ అవతల ఉండిపోయినారు. పెద్ద చెరువు నీళ్ళకి అలవాటు పడి మన చెరువు పూడిక తీయడం మానేస్తే జరిగేది ఇదే. థ్రెడ్స్‌ని మూసేయాలా వద్దా అనేది ఒక్కో సర్వర్ ఇష్టం, ఆ ఇష్టం మిగిలి ఉండటమే చిన్న సర్వర్ల వల్ల వచ్చిన లాభం.

ట్విట్టర్ లాంటిదే ఇంకొకటి బ్లూస్కై, దాని దారి వేరు. అక్కడ కూడా సొంత సర్వర్ పెట్టుకోవచ్చు, దాన్ని పీడీఎస్ అంటారు, చాలా తేలిక కూడా. కానీ అందరి పోస్టులూ పోగుచేసే రిలే, వాటిని టైమ్‌లైన్‌గా చూపించే యాప్‌వ్యూ వేరేగా ఉంటాయి, అవి బరువైన పనులు, ఎక్కువమంది వాడేది బ్లూస్కై కంపెనీ నడిపేవే. అంటే పీడీఎస్ ఇంటి సంపు లాంటిది, సంపులో నీళ్ళు మనవే, పైపు మాత్రం మున్సిపాలిటీది. అందుకు బదులుగా అక్కడ ఒక గొప్ప సౌకర్యం ఉంది, సంపు మార్చినా పాత పోస్టులతో సహా అకౌంట్ మొత్తం వెంట వస్తుంది. మాస్టోడాన్‌లో 2019 అక్టోబర్‌లో వచ్చిన 3.0 నుంచి వేరే సర్వర్‌కి మారితే ఫాలోవర్లు వెంట వస్తారు, పోస్టులు మాత్రం రావు. పదేళ్ళు రాసుకున్నది పాత ఇంట్లోనే ఉండిపోతుంది, ఆ ఇల్లు కూలితే దాంతోపాటే పోతుంది.

ఇళ్ళు కూలుతానే ఉంటాయి కూడా. మాస్టోడాన్.టెక్నాలజీ అనే సర్వర్‌ని దాని అడ్మిన్ ఇంటి పరిస్థితుల వల్ల 2022 చివర్లో మూసేసినాడు, చెప్పి, టైమిచ్చి మూసినాడు, అది పద్ధతి. క్వీర్.ఏఎఫ్ అనే సర్వర్‌కి అడ్మిన్ బాగానే ఉన్నారు, మెషిన్ బాగానే ఉంది, కానీ .ఏఎఫ్ అనేది అఫ్గానిస్తాన్ డొమైన్, 2024 ఫిబ్రవరిలో అక్కడి తాలిబన్ ప్రభుత్వం వైపునుంచి ఆపేసినారు, సర్వర్ అడ్రసే పోయింది. అందంగా ఉందని ఏదో దేశం పేరు తోకగా కొనుక్కునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. పెద్దవాళ్ళు మూసేయరా అంటే మూసేస్తారు, ఆర్కుట్ 2014లో పోయింది, ట్విట్టర్‌కి బదులుగా వచ్చి తెలుగులో రాసుకోమని పిలిచిన మన కూ యాప్ 2024 జులైలో పోయింది. తేడా ఏంటంటే కూ పోతే కూ మొత్తం ఒక్కసారిగా పోయింది, మాస్టోడాన్.టెక్నాలజీ పోతే అందులోవాళ్ళు పక్క సర్వర్‌కి నడిచిపోయినారు, ఫాలోవర్లని వెంటబెట్టుకుని.

హ్యాకీడర్మ్ అనే మాస్టోడాన్ సర్వర్ కథ ఈ మొత్తానికి అద్దం లాంటిది. క్రిస్ నోవా అనే ఇంజనీర్ తన ఇంటి కింద బేస్‌మెంట్‌లో సొంత మెషిన్ల మీద నడిపేది. 2022 అక్టోబర్ చివర్లో ఎలాన్ మస్క్ ట్విట్టర్ కొన్నాక జనం పరిగెత్తుకొచ్చినారు, వెయ్యి లోపు ఉన్న సర్వర్ ఒక నెలలో 30 వేలకి పోయింది. డిస్కులు మొరాయించినాయి, పంపాల్సిన పోస్టుల క్యూలు పేరుకుపోయినాయి, చివరికి బేస్‌మెంట్ వదిలి డేటా సెంటర్‌కి మార్చినారు. ఆమె అక్కడితో ఆగలేదు, సర్వర్‌ని తన ఒక్కదాని పేరు మీద ఉంచకుండా నివెన్లీ అనే ఫౌండేషన్ కట్టి, ఒక టీమ్‌ని పెట్టింది. 2023 ఆగస్టులో ఆమె కొండ ఎక్కుతా ప్రమాదంలో చనిపోయింది. హ్యాకీడర్మ్ మాత్రం ఆగకుండా నడిచింది.

మన తిరుపతి ఉదాహరణలో కూడా నలభై మంది, కొండలు, ఒక్క అడ్మిన్. సర్వర్ పాస్‌వర్డ్ రెండో మనిషి దగ్గర ఉందా అని అడిగితే ఉంది అంటాడు, టీచర్ ఒకాయనకి ఇచ్చినాడు, ఆయన డైరీలో రాసిపెట్టుకున్నాడు. బ్యాకప్ ఉందా అంటే రోజూ అవుతుంది, తిరిగి ఎక్కించి చూసినావా అంటే ఇంకా లేదు. డొమైన్ రెన్యువల్ మెయిల్ ఎవరికి పోతుంది అంటే కొంచెం ఆలోచించి తన యూనివర్సిటీ మెయిల్ ఐడీ చెప్తాడు. కోర్సు ఈ మే నెలలో అయిపోతుంది.